కెంపమ్మగారి నాలుగంకెలు

రాష్ట్రంలో ఇక మీదట ఎవరికీ అసంతృప్తి ఉండబోదని పౌర సంతృప్తి శాఖామాత్యులు శ్రీ పుట్టమాదప్పగారు బుధవారం ఉదయం పదకొండున్నరకు బెంగళూరులో ప్రకటించారు. పన్నెండుకు రాహుకాలం మొదలవుతుంది కాబట్టి ప్రకటన అరగంటలో ముగిసింది. అసంతృప్తి కూడా ఆ అరగంటలోనే తొలగిపోవలసింది గానీ, దానికి ముందు ఒక యాప్ కావాలని అధికారులు మనవి చేసుకున్నారు.

ఆ శాఖ వయసు అప్పటికి నాలుగు నెలలు. మంత్రివర్గం కూర్చినప్పుడు శాఖలన్నీ పంచేశాక ఒక మంత్రి మిగిలిపోయారు. మంత్రిని తగ్గించడం కష్టం, శాఖను పెంచడం తేలిక. అలా పుట్టిన శాఖకు అంత మంచి పేరు పెట్టారంటే, పెద్దలకు జనం మీద ఎంత దయ ఉందో ఊహించుకోవచ్చు.

వీధులు, కాలువల మీద జనం చేసే ఫిర్యాదులు వినే ఆ యాప్‌కు 'జనకర్ణ' అని పేరు పెట్టారు. దానికి ప్రోడక్ట్ మేనేజర్‌గా శరావతి హెగ్డే వచ్చింది. శిరసి వైపు అమ్మాయి, వయసు ముప్పై ఒకటి. అంతకు ముందు పది నిమిషాల్లో దోసెపిండి ఇంటికి చేర్చే కంపెనీలో ఇదే ఉద్యోగం చేసింది. పిండిని తొమ్మిది నిమిషాల్లో చేర్చి చూపించింది. ఇంచుమించు అంతే వేగంగా కంపెనీ మునిగింది. అయినా అంకెల మీద ఆమెకు నమ్మకం చావలేదు. నీ ఉద్యోగం ఏమిటని ఇంట్లో అడిగితే, "పని జరుగుతోందో లేదో చెప్పే అంకె ఒకటి పెట్టి, అది అందరికీ కనపడేలా చేస్తాను" అనేది. "మరి పని ఎవరు చేస్తారే?" అని వాళ్ళ నాన్న అడిగేవాడు. ఆయన వక్కతోట మనిషి, ఆయనకు అలాంటి సందేహాలే వస్తాయి.

మొదటి సమావేశం మంత్రిగారి గదిలోనే జరిగింది.

"చెప్పమ్మా, ఎన్ని అంకెలు పెడుతున్నావు?"

"ఒక్కటే సార్."

"ఒక్కటేనా?" మంత్రిగారి ముఖం వాడిపోయింది. "పక్క శాఖాయనకి పద్నాలుగున్నాయి."

"పద్నాలుగు పెట్టుకుంటే ఒక్కటీ చూడం సార్. ఒకే అంకె పెట్టుకుని దాన్నే పట్టుకోవాలి. మేం దాన్ని నార్త్ స్టార్ అంటాం."

మంత్రిగారు కళ్ళు మూసుకుని ఆలోచించారు. "ఆ నక్షత్రం మనకు పడుతుందో లేదో అడగాలమ్మా. నాది ఆరుద్ర."

మర్నాటికి సిద్ధాంతిగారి దగ్గర్నుంచి అనుమతి వచ్చింది. ఫిర్యాదు వచ్చిన రోజు నుంచి అది తీరిన రోజు దాకా సగటున ఎన్ని రోజులు పడుతోంది, ఇదే అంకె. దీన్ని దాచకూడదని, ఊరందరికీ చూపించాలని శరావతి పట్టుబట్టింది. "చూపిద్దాం. దాచుకోవడానికి మన దగ్గరేముంది?" అన్నారు మంత్రిగారు. ఆ మాటతో సిగ్నల్ దగ్గరున్న శాఖ భవనం గోడకు రెండంతస్తుల ఎత్తు తెర బిగించారు. తెర వెలిగింది. దాని మీద ఎర్రటి అక్షరాలతో '94' అని వచ్చింది.

సిగ్నల్ దగ్గర ఆగినవాళ్ళు తలెత్తి చూసి, ఈ రోజు ఎండ ఇంతుందా అనుకుని వెళ్ళిపోయారు. మంత్రిగారు మాత్రం వెంటనే ఫోన్ చేశారు.

"ఏమిటమ్మా ఆ తొంభై నాలుగు?"

"మన అంకె సార్. నిజమైన అంకె."

"నిజం నాకూ తెలుసు తల్లీ. నిజం కోసమే అయితే నిన్నెందుకు తెచ్చుకుంటాను?"

శరావతి నొచ్చుకోలేదు. ఎర్రంకె చూసి ఇంజనీర్లకు సిగ్గు వేస్తుందని, సిగ్గు వేస్తే పని చేస్తారని ఆమె లెక్క. దోసెపిండి కంపెనీలో అలాగే జరిగింది మరి. ఇక్కడా జరిగింది. మూడు వారాలు తిరిగేసరికి తొంభై నాలుగు కాస్తా ఆరయింది. శరావతికి కళ్ళనీళ్ళొచ్చాయి. ఆ అంతస్తులో అందరికీ కేసరీబాత్ తెప్పించి, అన్నిటికంటే మంచి అంకె తెచ్చిన గంగాధరప్ప లేఅవుట్ జూనియర్ ఇంజనీర్ లోకేశప్పను పిలిపించింది.

లోకేశప్ప నలభై ఏళ్ళ నెమ్మదస్తుడు. నుదుట విభూతి, జేబులో రెండు పెన్నులు. ఎవరేమడిగినా ఉన్నదున్నట్టు చెబుతాడని డిపార్టుమెంటులో పేరుంది.

"ఎలా సాధించారు లోకేశప్పగారూ?"

"కష్టమేం లేదు మేడమ్. ఇదివరకు ఫిర్యాదు రాగానే రిజిస్టర్ చేసేవాళ్ళం. ఇప్పుడు పనయ్యాక చేస్తున్నాం."

"మరి పని ఎప్పుడవుతుంది?"

"అయినప్పుడు అవుతుంది మేడమ్."

కేసరీబాత్ అప్పటికే అందరూ తినేశారు. శరావతి నిబంధన మార్చింది. జనం ఫోనులో మీట నొక్కిన క్షణం నుంచే గడియారం మొదలవుతుంది, పనయిందని చూపించడానికి ఫోటో జతచేయాలి. ఇంజనీర్లు సంతోషంగా ఒప్పుకున్నారు. అది చూసి ఆమె అనుమానపడి ఉండవలసింది గానీ, పాపం, ముచ్చటపడింది.

మరుసటి నెలకు అంకె నాలుగు. ఫోటోలు వేలల్లో వచ్చాయి. శరావతి ఒక్కొక్కటే తెరిచి చూస్తూ పోయింది. మూడు వందల పన్నెండు ఫోటోల్లో, మూడు వందల పన్నెండు వేర్వేరు వీధుల్లో, కాలువ మీద కొత్తగా వేసిన ఒకే రాతిబండ పక్కన చెవి తెగిన ఒకే గోధుమరంగు కుక్క ఒకే తీరున పడుకుని ఉంది. వాటిని అచ్చువేయించి మంత్రిగారి ముందు పరిచింది.

మంత్రిగారు కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు పరిశీలించారు.

"ఒక్క నెలలో మూడు వందల పన్నెండు చోట్ల తిరిగిందా?"

"సార్, నేను చెప్పేది..."

"మన ఇంజనీర్లలో ఒక్కడంటే ఒక్కడు ఇలా తిరుగుతాడా అమ్మా?" అని నిట్టూర్చారు. ఆ కుక్కకు రోజూ బిస్కెట్లు పెట్టమని పీఏకు చెప్పారు. మంత్రిగారిది జాలిగుండె అని ఊరికే అనరు.

ఈసారి శరావతి తన చదువంతా ఉపయోగించింది. పనయిందో లేదో ఇంజనీరు చెప్పడమేమిటి? ఫిర్యాదు చేసినవాళ్ళే చెప్పాలి. వాళ్ళ ఫోనుకు నాలుగంకెల ఓటీపీ వెళుతుంది. తృప్తి కలిగితే ఆ అంకెలు ఇంజనీరుకు చెబుతారు, ఆయన వాటిని కొడితేనే ఫిర్యాదు మూసుకుంటుంది. ఇక మీదట తెర మీద రోజులు కనిపించవు, తృప్తి శాతం ఒక్కటే కనిపిస్తుంది. శాఖ పేరుకూ అంకెకూ సరిగ్గా కుదిరిందని మంత్రిగారు మహా సంబరపడ్డారు.

మొదట్లో తెర మీద పదకొండు శాతం ఉండేది. ఇంజనీర్లు నడుం బిగించారు. తట్ట, పార పట్టుకోవడం మరిచిపోయి చాలాకాలమైంది కాబట్టి ఫోన్లు పట్టుకున్నారు. గ్యాస్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నామని కొందరిని, పింఛను వచ్చిందని కొందరిని, లాటరీ తగిలిందని కొందరిని ఓటీపీ అడిగారు. ఆ రెండు నెలలూ నగరంలో ఫోను మోసగాళ్ళకు గిరాకీ పడిపోయిందని విన్నాం. వృత్తిలో ఉన్నవాళ్ళ కడుపు కొట్టడం తప్పే కానీ, ప్రజాసేవ ముందు అదెంత?

పదకొండు కాస్తా అరవై అయింది. ఎనభై ఆరు, తొంభై ఏడు దాటి, చివరికి 99.99 దగ్గర ఆగింది. ఆగిందంటే ఆగింది, ఇక కదల్లేదు. శరావతి వెతికి చూస్తే, నగరం మొత్తం మీద మూసుకోని ఫిర్యాదు ఒకే ఒక్కటి మిగిలింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఆ ఉలిపికట్టె పేరు కెంపమ్మ, వయసు డెబ్భై ఎనిమిది, గంగాధరప్ప లేఅవుట్ నాలుగో క్రాసు.

కెంపమ్మ ఇంటి గడపకూ రోడ్డుకూ మధ్య మూడడుగుల వెడల్పు మురికికాలువ ఉంది. ఒకప్పుడు దాని మీద రాతిబండ ఉండేది. కేబుల్ వేసేవాళ్ళు వచ్చి బండ ఎత్తారు. కేబుల్ పడింది, బండ మాత్రం మళ్ళీ రాలేదు. పోయిన వానాకాలం కెంపమ్మ దాటబోయి అందులో పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. కోడలు జయశీల, ఆటో నడిపే కొడుకు మహదేవు దూకి వెళతారు, దూకి వస్తారు. చేతికర్ర మనిషి ఎలా దూకుతుంది? ముప్పై ఏళ్ళు రోజూ పొద్దున ఐదున్నరకు మెయిన్ రోడ్డు పాలబూత్‌కు తనే వెళ్ళి పాలు తెచ్చుకున్న మనిషి, పదకొండు నెలలుగా గడప లోపలే కూర్చుంది. ఆమెకు కావలసింది పాలు కాదు, పాలు కోడలైనా తెస్తుంది. ఆ బూత్ దగ్గర నిలబడి నలుగురితో మాట్లాడే పావుగంట కావాలి. అందుకే కొడుకు చేత యాప్‌లో ఫిర్యాదు పెట్టించి, తన మీటల ఫోను నంబరు ఇప్పించింది. ఆ ఫోను ఆమె నడుముకు దోపుకున్న తమలపాకుల సంచిలో ఉంటుంది.

ఢిల్లీ నుంచి అవార్డు కమిటీ వస్తోందని, నూటికి నూరు ఉంటేనే మెడల్ అని కబురు తెలిసింది. ఇక ప్రభుత్వ యంత్రాంగం మొత్తం నాలుగో క్రాసు వైపు కదిలింది. కెంపమ్మను గ్యాసు ఆఫీసు పేరుతో మోసం చెయ్యలేకపోయారు, ఆమెది కట్టెల పొయ్యి. ముందు లోకేశప్ప వెళ్ళాడు, ఆయన తర్వాత పై ఇంజనీరు, ఆయన తర్వాత ఆపై ఇంజనీరు వెళ్ళారు. మంత్రిగారి పీఏ అయితే కొత్త కుక్కర్ పట్టుకుని వెళ్ళాడు.

"కుక్కరెందుకు నాయనా?" అంది కెంపమ్మ. "కాలవ మీద పెడితే నిలవదు కదా."

శాఖ తరఫున ఒక కౌన్సెలర్ వచ్చింది. గంటసేపు చేయి పట్టుకుని మాట్లాడింది. "మీ మనసులో ఏ మూల వెలితి ఉందమ్మా?"

"మనసులో కాదమ్మా, గుమ్మం ముందుంది. బండ లేదు."

'వృద్ధురాలికి బండతో విడదీయరాని అనుబంధం, చికిత్స కష్టం' అని కౌన్సెలర్ నివేదిక ఇచ్చింది.

చివరికి మంత్రిగారే బయల్దేరారు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, వెనక పదహారు కార్లు. కాలువ అంచు దాకా వచ్చి, పంచె కొస పట్టుకుని ఆగిపోయారు.

"అజ్జీ! నీకు తృప్తిగా లేదా?" అని అటువైపు నుంచి ఆ అవ్వను కేకేశారు.

"వినపడ్డం లేదు నాయనా, ఇటు రా."

మంత్రిగారు కాలువలోకి చూశారు. అందులో ఏమేం ఉన్నాయో పత్రికలో రాయడం మర్యాద కాదు. "ఇక్కణ్ణుంచే చెబుతాలే అజ్జీ."

"నేనూ పదకొండు నెలల్నుంచి ఇక్కణ్ణుంచే చెబుతున్నా," అంది కెంపమ్మ.

కారెక్కుతూ మంత్రిగారు శరావతి వైపు తిరిగారు. "ఇది నువ్వు పెట్టిన అంకె. నువ్వే పూర్తి చెయ్యి."

శరావతి లోకేశప్పను పక్కకు పిలిచింది. "ఇంత గొడవ దేనికండీ? ఒక బండ వేసేస్తే పోతుంది కదా!"

"వెయ్యకూడదు మేడమ్. అక్కడ బండ ఉంది."

"ఎక్కడుంది?"

"రికార్డులో ఉంది. మార్చిలోనే వేశాం, ఫోటో కూడా ఉంది. మీరు చూశారు కదా, పక్కన కుక్క... బండ ఉన్నచోట ఇంకో బండ వేస్తే ఆడిట్ వాళ్ళు మా పెన్షన్లు ఆపేస్తారు మేడమ్."

"భూమ్మీద లేదు కదా!"

"ఆడిట్ వాళ్ళు భూమ్మీదికి రారు మేడమ్. రికార్డుల దగ్గరికే వస్తారు."

"పోనీ, పోయిందని రాయండి."

"పోయిందంటే దొంగతనం. పోలీసు కేసు పెట్టాలి. బండకు అందరికంటే దగ్గరగా ఉన్న మనిషెవరు? కెంపమ్మజ్జి." లోకేశప్ప గొంతు తగ్గించాడు. అతనిది చెడ్డ మనసు కాదు. "ఒక దారుంది మేడమ్. ముందు ఫిర్యాదు మూసేద్దాం. మూసేశాక మర్నాడే నిర్వహణ పద్దు కింద వేసేస్తా. మీ మీదొట్టు."

ఆ సాయంత్రం శరావతి చెప్పులు చేత్తో పట్టుకుని కాలువ దూకి కెంపమ్మ దగ్గరికి వెళ్ళింది. గడపలో ఆమె పక్కనే కూర్చుని, అంతా విడమరిచి చెప్పింది. కెంపమ్మ ఆకు నములుతూ విన్నది.

"నీ పేరేంటమ్మా?"

"శరావతి."

"ఏ ఊరు మీది?"

"శిరసి దగ్గరజ్జీ."

"వాళ్ళెవరి మాటా నేను నమ్మను. రేపు బండ పడుద్దని నువ్వు చెబుతున్నావా?"

శరావతి ఒకసారి కాలువ వైపు చూసింది. అయినా చెప్పింది. "నేను చెబుతున్నానజ్జీ."

కెంపమ్మ సంచిలోంచి ఫోను తీసి చేతిలో పెట్టింది. "నాకు చదువు రాదు. నువ్వే చూసుకో." అందులో ఓటీపీలు అరవై మూడున్నాయి, ఒక్కటీ చెరపలేదు. చివరిది నాలుగు, సున్నా, ఏడు, ఒకటి. శరావతి అంకెలు కొడుతుంటే కెంపమ్మ కోడల్ని కేకేసింది. "జయశీలా, ఎల్లుండి నుంచి పాలకు నువ్వెళ్ళొద్దులే. నేనెళ్తా."

తెర మీద '100' వెలిగింది. సిగ్నల్ దగ్గర టపాసులు కాల్చారు. పచ్చటి అంకె కింద మంత్రిగారి ఫోటో, దాని కింద రాబోయే ఢిల్లీ మెడల్ ఫోటో. ఆ రాత్రే పెట్టిన సభలో శరావతికి మైసూరు పేటా తలపాగా పెట్టి, గంధమాల వేసి, ఉద్యోగాన్ని మూడేళ్ళు పొడిగించారు. చిట్టచివరగా తృప్తి చెందిన పౌరురాలి గౌరవార్థం తెల్లవారేలోగా నాలుగో క్రాసు మొగలో కొత్త బోర్డు పాతారు. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, గట్టి ఇనపరేకు. చుట్టూ కోణపు కడ్డీలు, వెనక అడ్డకమ్మీలు. 'నూటికి నూరు శాతం సంతృప్త నగరానికి స్వాగతం' అన్న అక్షరాల పక్కన మంత్రిగారు చేతులు జోడించి నవ్వుతున్నారు.

మర్నాడు పొద్దున్నే శరావతి ఫోన్ చేసింది. "లోకేశప్పగారూ, బండ?"

"ఆ మాటే అడుగుదామనుకుంటున్నా మేడమ్. నిర్వహణ పద్దులో రాయాలంటే ఫిర్యాదు నంబరు కావాలట. నగరంలో ఫిర్యాదులు లేవు కదా."

"అయితే కొత్తది పెడతాను."

"పెట్టండి మేడమ్. కాకపోతే పైన తెర మీద తొంభై తొమ్మిదవుతుంది."

ఫిర్యాదు పెట్టబోతే యాప్ ఒప్పుకోలేదు. తృప్తి పొందిన స్థలాల్లో బండల గురించి మళ్ళీ ఫిర్యాదు స్వీకరించవద్దని రాత్రికి రాత్రే ఉత్తర్వు వచ్చింది. శరావతి మంత్రిగారి గదికి పరుగెత్తింది.

"సార్, నేను మాటిచ్చాను. ఆవిడ నన్ను నమ్మి అంకెలిచ్చింది."

"అందుకే కదమ్మా నీకు పేటా పెట్టాం."

"సార్, బండ పడలేదు."

మంత్రిగారు ఎంతో ఆప్యాయంగా చూశారు. "తల్లీ, నూటికి నూరొచ్చిన పిల్ల మళ్ళీ పరీక్ష రాస్తానంటుందా? నీ అంకె నువ్వే పాడుచేసుకుంటావా?"

పది రోజులు గడిచాయి. కెంపమ్మ రోజూ పొద్దున ఫోన్ చేసేది. మొదటి రోజు "ఈ రోజేనా అమ్మా?" అని అడిగింది, నాలుగో రోజు "రేపా?" అంది. ఎనిమిదో రోజు ఏమీ అడగలేదు. "తిన్నావా?" అని మాత్రం అడిగి పెట్టేసింది. ఆ మాటకు శరావతి ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. ఇన్నాళ్ళుగా తను పెట్టిన అంకెలన్నీ అబద్ధాలే మోశాయి. ఆ ముసలామె నమ్మి ఇచ్చిన అంకె కూడా అలాగే అయింది. సిగ్గు వేస్తే పని జరుగుతుందని ఊరందరికీ చెప్పిన మనిషికి ఆ రోజు నిజంగా సిగ్గు వేసింది.

మొదటి వాన పడ్డ మర్నాడు ఆదివారం. తెల్లవారకముందే శరావతి ఆటోలో నాలుగో క్రాసుకు వెళ్ళింది. మహదేవును లేపి, అతని ఆటోలోని పానాలు తీయించి, ఇద్దరూ కలిసి మొగలోని బోర్డు బోల్టులు విప్పారు. జయశీల ఒక పక్క పట్టింది. ఇనపరేకు తెచ్చి కాలువ ముందు దించేసరికి ఒక చిక్కు వచ్చింది. ముఖం పైకి పెడితే మంత్రిగారిని తొక్కుకుంటూ నడవాలి. తొక్కడం పాపమని జయశీల భయపడింది, తొక్కితే కేసవుతుందని మహదేవు భయపడ్డాడు.

గడపలో కర్ర పట్టుకుని నిలబడ్డ కెంపమ్మ విసుక్కుంది. "ముఖం కిందికి పెట్టండ్రా. ఇన్నాళ్ళూ మేం చూశాం, కాసేపు ఆయన్ని చూడనీండి."

పెట్టారు. మహదేవు ఎక్కి రెండుసార్లు గెంతి చూశాడు, కదల్లేదు. కెంపమ్మ ఒక్కో అడుగూ వేస్తూ రేకు మీదికి వచ్చింది. శరావతి చేయి అందించబోతే వద్దంది. అవతల రోడ్డు మీద కాలు పెట్టి, ఒక నిమిషం అలాగే నిలబడి ఊపిరి పీల్చుకుంది. "మీరెవరూ రావద్దు," అని చెప్పి, పాలబూత్ వైపు ఒక్కతే నడుచుకుంటూ వెళ్ళిపోయింది. మలుపు తిరిగేదాకా ఆమె కర్ర చప్పుడు వినపడింది. శరావతికి పిండి కంపెనీ రోజుల నుంచి ఇప్పటిదాకా ఏ అంకె చూసినా ఇంత సంతోషం కలగలేదు.

బూత్ దగ్గర కెంపమ్మకు పదకొండు నెలల మాటలు మిగిలి ఉన్నాయి. పావుగంటలో తేలే వ్యవహారం కాదు.

ఈలోగా పార్టీ మనిషి ఒకడు నడకకు వచ్చి మొగలో ఖాళీ కంబాలు చూశాడు. జేబులోంచి ఫోను తీసి, 'ప్రభుత్వ బోర్డుకు అపచారం' అని జనకర్ణలో ఫిర్యాదు పెట్టాడు. ఉత్తర్వు బండలకే కానీ బోర్డులకు కాదు కాబట్టి యాప్ దాన్ని తీసుకుంది. ముప్పై ఎనిమిది నిమిషాల్లో రెండు వ్యాన్లు వచ్చాయి. మొదటి దాంట్లోంచి లోకేశప్ప దిగాడు, రెండో దాంట్లోంచి ఆరుగురు మనుషులు, ఒక నిచ్చెన, ఒక నీళ్ళ పైపు దిగాయి.

"లోకేశప్పగారూ, ఒక్క అరగంట ఆగండి. ఆ అజ్జి అటు వెళ్ళింది..." అంది శరావతి.

"ఆగితే టైము పోతుంది మేడమ్," అన్నాడు లోకేశప్ప మర్యాదగా.

మహదేవు అడ్డం నిలబడ్డాడు. ఆరుగురూ కలిసి అతన్ని నెమ్మదిగా పక్కకు జరిపారు. రేకు ఎత్తి, మంత్రిగారి ముఖాన్ని మూడు నీళ్ళతో కడిగి, మెత్తటి గుడ్డతో తుడిచి, కొత్త బోల్టులతో మొగలో బిగించారు. మంత్రిగారు మునుపటికంటే శుభ్రంగా నవ్వారు. లోకేశప్ప ముందు ఫోటో, తర్వాత ఫోటో తీశాడు. పార్టీ మనిషి తృప్తిగా ఓటీపీ చెప్పాడు.

లోకేశప్ప శరావతి దగ్గరికి వచ్చాడు. అతని కళ్ళు నిజంగా మెరుస్తున్నాయి.

"మేడమ్, పదిహేడేళ్ళ సర్వీసులో ఇదే మొదటిసారి. టైము నిజం, ఫోటో నిజం, తృప్తి నిజం. మీరు మొదట్నుంచీ చెప్పిందిదే కదా!"

వ్యాన్లు వెళ్ళిపోయాయి. శరావతి ఫోను మోగింది. ఫిర్యాదు తీరిన ప్రతిసారీ రెండు వందల పన్నెండు మంది అధికారులకూ, ఊరి తెరకూ ఒకేసారి వెళ్ళేలా ఆమే తయారుచేసిన సందేశం అది. 'ఈ వారం వచ్చిన ఫిర్యాదులు 1. తీరినవి 1. పట్టిన సమయం గంటా రెండు నిమిషాలు. సంతృప్తి 100.'

ఆమె తలెత్తేసరికి సన్నగా వాన మొదలైంది. కాలువ అవతల రోడ్డు మీద కెంపమ్మ నిలబడి ఉంది. ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో రెండు పాలప్యాకెట్లు. ముఖం నిండా ఇంకా కబుర్ల నవ్వుంది. గడప ముందున్న ఖాళీని చూసింది, శరావతిని చూసింది.

"అమ్మాయీ," అని పిలిచింది, "నేనెటు రావాలే?"